నన్నెవరైనా అడిగారా?

మా అత్తగారికి గుండెలో పేస్‌మేకర్ పెట్టించి ఇంటికి తీసుకొచ్చాక వారం రోజులపాటు మా ఇల్లు పెళ్ళివారి విడిదిలా ఉంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. పరామర్శకి వచ్చేవాళ్ళు ఊరికే వస్తారా! బత్తాయిపళ్ళతోపాటు తలా ఒక సలహా కూడా తెచ్చారు.

"సెల్‌ఫోను జాకెట్లో దోపుకోకండి వదినగారూ, లోపలి మిషను ఆగిపోతుందట" అన్నారు ఒకావిడ. "మిక్సీ దగ్గరికి వెళ్ళకూడదుట" అన్నారు ఇంకొకావిడ. మొదటిదాంట్లో కొంత నిజం ఉంది. ఫోను ఆ మిషనుకి ఓ జానెడు దూరంలో ఉంచమని డాక్టరుగారూ చెప్పారు. రెండోదాంట్లో మాత్రం ఏమీ లేదు. మిక్సీలూ గ్రైండర్లూ మామూలుగా వాడుకోవచ్చు. అయినా మా అత్తగారు ఆ మాట పట్టుకుని, "విన్నావుటే అమ్మాయ్! ఇహ పచ్చళ్ళన్నీ నువ్వే చెయ్యాలి" అంటూ నావైపు చూసి నవ్వారు. హమ్మయ్య, మనిషి కోలుకున్నట్టే అనుకున్నాను.

ఆ సందట్లోనే పక్కింటి పిన్నిగారి మనవడు, ఏడేళ్ళవాడు, మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మా అత్తగారి భుజం కింద అంటించిన పట్టీవంక కాసేపు తేరిపార చూసి, "మామ్మగారూ, మీరిప్పుడు రోబోనా?" అన్నాడు.

అందరం ఫక్కున నవ్వాం. పిన్నిగారు "తప్పురా వెధవా" అంటూ వాడి నెత్తిమీద ఒక మొట్టికాయ వేశారు. మా అత్తగారు మాత్రం నవ్వలేదు.

"ఏమోరా నాయనా! నాకింకా ఎవరూ చెప్పలేదు" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు హాస్యంగానే వినిపించింది. అందులో ముల్లు ఉందని తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది.

వాడి నోట ఆ మాట వచ్చింది గనక, ఆ ఆదివారం మా అమ్మాయి వాళ్ళ నానమ్మకి కాలక్షేపంగా ‘రోబో’ సినిమా పెట్టింది. 2010లో వచ్చిన శంకర్ సినిమా. మీలో చాలామంది చూసే ఉంటారు. శాస్త్రవేత్తా రజనీకాంతే, ఆయన తయారుచేసిన మరమనిషి చిట్టీ రజనీకాంతే. చిట్టి విన్యాసాలకి పిల్లలు ఈలలు వేస్తారు. నాకు మాత్రం ఆ సినిమా అనగానే ఒకే ఒక్క సన్నివేశం గుర్తొస్తుంది. ఒక మేడ అంటుకుంటుంది. చిట్టి మంటల్లోకి దూకి ఒక్కొక్కళ్ళనే బయటికి మోసుకొస్తూంటాడు. స్నానాలగదిలో ఒక అమ్మాయి చిక్కుకుపోయి ఉంటుంది. వంటిమీద బట్టల్లేని ఆ పిల్లని అలాగే ఎత్తుకొచ్చి, జనం మధ్యా టీవీ కెమెరాల మధ్యా నిలబెడతాడు. వాడి లెక్క ప్రకారం ప్రాణం దక్కింది, పని పూర్తయింది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయి, పరుగెత్తి, ఎదురొచ్చిన బండి కింద పడి నిజంగానే చచ్చిపోతుంది.

మా అత్తగారు గట్టిగా నిట్టూర్చారు. "వాడికి సిగ్గంటే తెలీదు, పాపం. అయినా ఒక్క మాట అడిగితే ఆ పిల్లే చెప్పేది కదే, ఓ దుప్పటి కప్పి తీసుకెళ్ళు నాయనా అని!" అన్నారు.

ఇన్నేళ్ళుగా ఆ సినిమా గురించి ఎంతమంది ఎన్ని రాసినా, ఇంత సూటిగా ఎవరూ అనలేదనిపించింది నాకు.

నిజానికి మనిషీ యంత్రమూ కలిసిపోవడం అనేది సినిమావాళ్ళకి కొత్త సరదా కాదు. 1927లోనే జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపోలిస్’ తీశాడు. 1936లో చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’లో కార్ఖానా పళ్ళచక్రాల మధ్యకి జారిపోయి, మర బిగించి బిగించి, బయటికొచ్చాక కూడా చేతులు ఆగక అవస్థపడతాడు. తెగ నవ్వుతాం. నవ్వాక, పొద్దున్న అయిదు గంటలకి అలారం మోగకుండానే లేచి కాఫీ డికాక్షను వేసే మన చేతులు గుర్తొస్తాయి.

యంత్రం కలిసిన మనిషికి ఇంగ్లీషులో ‘సైబోర్గ్’ అని పేరు. 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నేథన్ క్లైన్ అనే ఇద్దరు ఆ మాట పుట్టించారు. అంతరిక్షంలో మనిషి బతకాలంటే అక్కడ భూమిలాంటి గాలీ వేడీ సమకూర్చడం కంటే, మనిషి శరీరాన్నే యంత్రాలతో సవరించుకోవడం మేలని వాళ్ళ ఆలోచన. అంతరిక్షం సంగతి ఏమోగాని, ఆ లెక్కన చూస్తే మా ఇంట్లోనే ఒక సైబోర్గ్ పడకకుర్చీలో కూర్చుని ఉంది!

చూడండి మరి. మా అత్తగారికి పై వరస పళ్ళు కట్టుడువి. రెండు కళ్ళకీ శుక్లాలు తీసి లోపల ప్లాస్టిక్ కటకాలు అమర్చారు. ఆ కటకాల వెనక పెద్ద కథే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దాలు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కల్ని కన్ను పగబట్టకుండా ఊరుకోవడం గమనించిన హెరాల్డ్ రిడ్లీ అనే కంటిడాక్టరు, 1949లో లండన్‌లో అలాంటి ప్లాస్టిక్‌తోనే కటకం చేయించి ఒక రోగి కంట్లో పెట్టాడు. ఆ వరసన యుద్ధవిమానం అద్దం మా అత్తగారి కంట్లోకి వచ్చింది. ఆవిడ దాంతో బియ్యంలో రాళ్ళేరతారు. ఇప్పుడు గుండెకి ఒక మిషను. భుజం ఎముక కింద చర్మంలో అగ్గిపెట్టెకంటే చిన్న పెట్టె, అందులోంచి నరం దారంట గుండెలోకి ఒక తీగ. గుండె కొట్టుకోవడం ఆలస్యం చేస్తే చాలు, ఈ మిషను చిన్న విద్యుత్తుతో ఓ చురక వేస్తుంది.

పట్టుచీర చిరిగితే మాటు వేయిస్తాం. ఇంకోచోట చిరిగితే ఇంకో మాటు. మాట్లు ఎక్కువైపోయాక అది మన పెళ్ళినాటి చీరేనా, వేరే చీరా? ఎన్ని మాట్ల దగ్గర గీత గియ్యాలి? ఈ సినిమాలన్నీ నన్ను ఇదే ప్రశ్న అడుగుతున్నాయని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఎంత ఇనుము కలిస్తే మనిషి మనిషి కాకుండా పోతాడు అని. అది అసలు ప్రశ్నే కాదని నాకు తెలియజెప్పింది మా అత్తగారు.

‘రోబో’ నచ్చింది గదా అని, మా అమ్మాయి మరుసటి ఆదివారం 1987 నాటి ‘రోబోకాప్’ పెట్టింది. పాల్ వెర్‌హోవెన్ తీసిన ఇంగ్లీషు సినిమా. పక్కన కూర్చుని నానమ్మకి ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతోంది. మర్ఫీ అని డెట్రాయిట్‌లో ఒక పోలీసు. భార్యా, చిన్న కొడుకూ ఉన్నారు. దుండగులు అతన్ని ఘోరంగా చంపేస్తారు. నగరంలో పోలీసుశాఖని నడుపుతున్న ఒక పెద్ద కంపెనీ, ఆ శరీరంలో మిగిలినదాన్ని ఇనప తొడుగులో పెట్టి, జ్ఞాపకాలు తుడిచేసి, జీతం అడగని పోలీసుగా తయారుచేస్తుంది. అది జరుగుతున్నప్పుడు ఒక ఘట్టం ఉంది. డాక్టర్లు ఎంతో కష్టపడి అతని చేతినొకదాన్ని దక్కించామని సంతోషంగా చెబుతారు. కంపెనీ అధికారి, అదెందుకు, అదీ తీసెయ్యండి అంటాడు.

"బాగున్న చెయ్యి ఎందుకు తీసేస్తారే?" అన్నారు మా అత్తగారు ఆదుర్దాగా.

"ఉద్యోగంలో చేరినప్పుడే కాగితాలమీద సంతకం పెట్టేశాడట నానమ్మా. పైగా చట్టం లెక్కలో చచ్చిపోయినవాడట. ఇంక వాళ్ళిష్టం."

"అతను వింటున్నాడు కదుటే! కళ్ళు తెరిచే ఉన్నాయి కదా!"

మా అమ్మాయి ఏం చెబుతుంది? ఊరుకుంది. బొమ్మ నడుస్తూనే ఉంది. కాసేపయ్యాక మా అత్తగారు ఎవరివైపూ చూడకుండా, "నన్ను మాత్రం ఎవరడిగారు?" అన్నారు.

పేపరు చదువుకుంటున్న మావారు తలెత్తారు. "అదేమిటమ్మా? అప్పటికే రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయావు. నాడి ముప్ఫైఐదుకి దిగిపోయింది. అలాంటప్పుడు నిన్నడుగుతూ కూర్చుంటామా? అయినా, అడిగితే నువ్వు వద్దనేదానివి."

"వద్దనేదాన్నేమో! సరేననేదాన్నేమో! ఇప్పుడు నాకూ తెలీదు, నీకూ తెలీదు. మీ నాన్నగారు పోయాక, ఇంక ఎందుకీ బతుకు అని నేను వందసార్లు అని ఉంటాను. అది నోటిమాటరా. నిజంగా అడిగితే నా మనసు ఏమంటుందో చూసుకునేదాన్ని కదా! ఆ చూసుకునే అవకాశం నాకు రాలేదు. డాక్టరు నా కాళ్ళదగ్గర నిలబడి నీతో మాట్లాడాడు. నాకు తెలివి ఉంది. చెవులు బాగానే వినిపిస్తున్నాయి" అన్నారావిడ.

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అన్నారు. మావారు పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేజీ మాత్రం తిరగలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎప్పుడో బి.ఏ. చదివే రోజుల్లో చదివిన ఒక నవల గుర్తొచ్చింది. ఐరా లెవిన్ 1972లో రాసిన ‘ది స్టెప్‌ఫోర్డ్ వైవ్స్’. 1975లో బ్రయాన్ ఫోర్బ్స్ దాన్ని సినిమాగా తీశాడు. ఈ విషయంమీద వచ్చిన సినిమాలన్నిటిలోకీ ఆడవాళ్ళం తప్పకుండా తెలుసుకోవలసిన కథ ఇదేనని నా అభిప్రాయం. అంచేత కాస్త వివరంగా చెబుతాను.

జొవానా అనే ఆవిడకి ఫొటోలు తియ్యడమంటే ప్రాణం. భర్త వాల్టర్, ఇద్దరు ఆడపిల్లలు. భర్త పట్టుబట్టడంతో న్యూయార్కు వదిలిపెట్టి స్టెప్‌ఫోర్డ్ అనే చక్కని పల్లెటూరికి కాపురం మారుస్తారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత బాగుంటారనుకున్నారు! నలగని గౌను, చెదరని జుట్టు, అద్దంలా తుడిచిన వంటిల్లు. మొగుడిమాటకి ఎదురన్నది లేదు. జొవానాకి అక్కడ ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు బాబీ. ఆవిడ ఇల్లు మన ఇళ్ళలాగే చిందరవందరగా ఉంటుంది. ఇద్దరూ కలిసి ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి, మనసువిప్పి మాట్లాడుకుందామని సభ పెడితే, వాళ్ళంతా బట్టలకి పెట్టే గంజి గొప్పతనం గురించి మాట్లాడతారు. ఇంకో స్నేహితురాలు షార్మేన్‌కి టెన్నిసంటే పిచ్చి. ఒక శని ఆదివారాలు గడిచేసరికి ఆవిడ మారిపోతుంది. భర్తకి ఈతకొలను కావాలని, తను అంత ముచ్చటగా వేయించుకున్న టెన్నిసు కోర్టుని తవ్వించేస్తూంటే నవ్వుతూ నిలబడుతుంది.

ఒకరోజు బాబీ ఇల్లు కూడా అద్దంలా అయిపోతుంది. జొవానా భయంతో వంటింటి కత్తి తీసుకుని బాబీని పొడుస్తుంది. రక్తం రాదు. బాబీ అదే మాట తిప్పితిప్పి అంటూ, కాఫీపొడి నేలమీద పోస్తూ, కప్పులు కింద వదిలేస్తూ వంటింట్లో తిరుగుతుంది. ఆ ఊరి మగవాళ్ళందరూ ఒక సంఘం పెట్టుకుని, భార్యల్ని ఒక్కొక్కరినే చంపి, అచ్చం వాళ్ళలాంటి మరబొమ్మల్ని చేయించుకుంటున్నారన్నమాట! చివరికి జొవానా తన రూపంలోనే ఉన్న బొమ్మకి ఎదురుపడుతుంది. దానికింకా కళ్ళు అమర్చలేదు. ఆఖరి దృశ్యంలో సూపర్‌మార్కెట్‌లో ఆడవాళ్ళు సామాను బండ్లు తోసుకుంటూ, ఒకరినొకరు మర్యాదగా పలకరించుకుంటూ తిరుగుతూంటారు. వాళ్ళలో జొవానా కూడా ఉంటుంది.

మొదటిసారి చదివినప్పుడు, ఛీ, ఇలాంటి మొగుళ్ళుంటారా అనుకున్నాను. ఇప్పుడు నన్ను పట్టుకున్నది వేరే చిన్న విషయం. బొమ్మల్ని తయారుచెయ్యడానికి వాళ్ళు ఎంత శ్రద్ధ తీసుకున్నారో! ఒకాయన వచ్చి జొవానా ముఖాన్ని పెన్సిలుతో గీసుకుంటాడు. ఇంకొకాయన ఏవో మాటల జాబితా ఇచ్చి ఆవిడ గొంతు రికార్డు చేసుకుంటాడు. కళ్ళు, గొంతు, నవ్వు అన్నీ తీసుకున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నీకిది సమ్మతమేనా అని. అడిగితే వద్దంటుందని వాళ్ళకి తెలుసు. మావారన్న మాట ఇదే కదూ?

మావారిని స్టెప్‌ఫోర్డ్ మొగుళ్ళతో పోల్చేస్తున్నానని కంగారుపడకండి. అమ్మ బతకాలని ఆయన పడ్డ తపన నాకు తెలుసు. ఆ రాత్రంతా ఆస్పత్రి వరండాలో ఆయన పచార్లు చెయ్యడం నేను చూశాను. ప్రేమ ఉంది. కాదనను. కాని ‘మెట్రోపోలిస్’లో రోత్వాంగ్‌కి మాత్రం ప్రేమ లేదూ? తను వలచిన హెల్ అనే స్త్రీ వేరొకర్ని పెళ్ళాడి, బిడ్డని కని చనిపోతే, ఆ ప్రేమతోనే కదా ఆవిడకి బదులుగా ఇనప ఆడదాన్ని తయారుచేస్తాడు! తన చేతుల్లో ఒకటి పోగొట్టుకుని, ఇనపచెయ్యి పెట్టుకుని మరీ తయారుచేస్తాడు. ప్రేమ ఎంత ఉన్నా, అవతలి మనిషి నోరు విప్పడానికి అందులో చోటు లేకపోతే, చివరికి మిగిలేది బొమ్మే.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్న కథ ఒకటుంది. ఇది సినిమా కాదు, నిజంగా జరిగింది. స్వీడన్ దేశంలో ఆర్నె లార్సన్ అనే ఆయనకి 43 ఏళ్ళ వయసులో గుండె మాటిమాటికీ ఆగిపోతూ ఉండేది. రోజుకి ఎన్నోసార్లు స్పృహ తప్పేది. అప్పటికి శరీరం లోపల పెట్టే పేస్‌మేకర్ అన్నది ప్రపంచంలో ఎవరికీ అమర్చలేదు. ఆయన భార్య ఎల్సె మేరీ, ఆకె సెన్నింగ్ అనే సర్జన్ చుట్టూ, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు చుట్టూ తిరిగింది. ఇంకా సిద్ధం కాలేదంటే, అయితే సిద్ధం చెయ్యండి అని కూర్చుంది. ఎల్మ్‌క్విస్ట్ బూటుపాలిష్ డబ్బాని అచ్చుగా వాడి మిషను పోతపోశాడు. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో ఆపరేషను చేశారు. మొదటి మిషను కొన్ని గంటల్లోనే ఆగిపోయింది. రెండోది పెట్టారు. ఆ తరువాత ఆయన ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుంటూ, తనలాంటి రోగుల తరఫున మాట్లాడుతూ, ఆపరేషను చేసిన డాక్టరుకంటే, మిషను చేసిన ఇంజనీరుకంటే ఎక్కువకాలం బతికి, 2001లో 86 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

స్టెప్‌ఫోర్డ్‌లో మొగుడు పెళ్ళాన్ని మరబొమ్మగా మార్చాడు, ఆవిడ నోరు మూయించడానికి. స్టాక్‌హోమ్‌లో పెళ్ళాం మొగుడికి మర పెట్టించింది, ఆయన మళ్ళీ లేచి తన మాట తను మాట్లాడుకోవడానికి. రెండుచోట్లా మరే. తేడా ఇనుములో లేదు. మర అమర్చిన తరువాత ఆ మనిషి అవును, కాదు అనే మాటలు ఇంకా తనవిగా అనగలుగుతున్నాడా, లేదా? అదొక్కటే గీత. దానికి ఇవతల ఎన్ని మాట్లు వేసినా చీర మనదే.

మరి మా ఇంట్లో జరిగినది గీతకి ఏ వైపు? ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఆస్పత్రిలో చేర్చిన రోజుకీ, ఆపరేషనుకీ మధ్య ఒక పూర్తి రాత్రి గడిచింది. తాత్కాలికంగా ఏదో అమర్చి, గుండెని నిలకడగా ఉంచారు. అడగడానికి అయిదు నిమిషాలు చాలు. డాక్టరు మావారితో మాట్లాడుతూంటే మా అత్తగారు ఏదో అనబోయారు కూడా. అప్పుడు, "అత్తయ్య కంగారుపడతారు, బయట మాట్లాడుకుందాం రండి" అని వాళ్ళిద్దర్నీ వరండాలోకి తీసుకెళ్ళిన మనిషిని నేనే. ఆడవాళ్ళకి నోరుండాలని పుస్తకాలకి పుస్తకాలు రాసిన నేను!

మర్నాడు పొద్దున్నే ఆవిడకి కాఫీ ఇస్తూ, "అత్తయ్యా, ఆ రోజు మిమ్మల్ని అడగకపోవడం నా తప్పే" అన్నాను.

"పోనీలే" అన్నారావిడ. గుక్క తాగి, "ఈసారి అడుగు" అన్నారు.

అడగడం అంటే మాటలు కాదు. సెల్‌ఫోను కొత్తగా కొంటే అది మనల్ని వంద అడుగుతుంది. అంగీకరిస్తున్నాను, అంగీకరిస్తున్నాను అని చదవకుండానే నొక్కేస్తాం. అది అడగడమేనా? 2013లో స్పైక్ జోన్స్ తీసిన ‘హర్’ సినిమాలో, ఒంటరి మగవాడొకడు తన కంప్యూటరులో మాట్లాడే గొంతుని ప్రేమిస్తాడు. ఆ గొంతు అదే క్షణంలో ఇంకా 8,316 మందితో మాట్లాడుతోందని, వాళ్ళలో 641 మందిని ప్రేమిస్తోందని ఆఖరికి తెలిసి కుప్పకూలిపోతాడు. అతను సరేనన్నాడు నిజమే. దేనికి సరేనన్నాడో తెలియదు. అర్థమయ్యేలా చెప్పి, జవాబు వినేదాకా ఆగి, ఆ జవాబు మనకి నచ్చకపోయినా భరించడానికి సిద్ధపడి అడిగితేనే అది అడగడం. మూడోది కష్టం. అందుకే మనం మొదటిదాకా కూడా వెళ్ళం.

1999లో ‘బైసెంటెనియల్ మాన్’ అని ఒక సినిమా వచ్చింది. అసిమోవ్ 1976లో రాసిన కథకి తెరరూపం. ఆండ్రూ అనే మరమనిషి రెండువందల ఏళ్ళపాటు మనిషి కావాలని ప్రయత్నిస్తాడు. స్వేచ్ఛ అడుగుతాడు. మనిషిగా గుర్తించమని అడుగుతాడు. చివరికి చావుని కూడా కోరి తెచ్చుకుంటాడు. నువ్వు మనిషివే అన్న తీర్పు వెలువడే క్షణానికి ఒక్క ఘడియ ముందు కన్నుమూస్తాడు. పాపం, వాడు రెండు శతాబ్దాలు తపస్సు చేసి సంపాదించుకున్న హక్కు మనకి పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళకి డెబ్భై దాటేసరికి, మందులతోపాటు చల్లగా ఆ హక్కుని వాళ్ళ చేతుల్లోంచి తీసేసుకుంటున్నాం. మన మంచికేలే అని వాళ్ళూ ఊరుకుంటున్నారు.

మూడు నెలలయ్యాక చెకప్‌కి వెళ్ళాం. డాక్టరుగారు అలవాటుగా మావారివైపు తిరిగి మొదలుపెట్టారు. "డాక్టరుగారూ, ఆవిడకే చెప్పండి" అన్నాను. గొంతు కాస్త వణికింది. ఆయన ఒక్కక్షణం ఆగి, కుర్చీ మా అత్తగారివైపు జరుపుకున్నారు. మంచివాడే పాపం, ఆయనకీ ఎవరూ చెప్పలేదు కాబోలు.

మా అత్తగారు చేతిసంచీలోంచి చీటీ తీశారు. ప్రశ్నలు రాసుకునే వచ్చారు!

"బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది?" సుమారు పదేళ్ళన్నారాయన.

"నా వేళ వచ్చినప్పుడు ఇది నన్ను పోనివ్వకుండా పట్టుకుంటుందా?"

ఈ ప్రశ్న ఆవిడ మనసులో ఇన్ని రాత్రులు నలిగిందని మాలో ఎవరికీ తెలియదు. డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. మిషను చేసేది గుండెని తట్టడమేననీ, గుండె పలకదలుచుకోనప్పుడు ఎంత తట్టినా పలకదనీ. మా అత్తగారి ముఖం తేటపడింది.

"ఇంకోటి. దహనం చేసేముందు దీన్ని తీసెయ్యాలంటున్నారు. నిజమేనా?"

నిజమేనన్నారు. వేడికి బ్యాటరీ పేలుతుందట, అంచేత ముందుగా తీయించాలట. మావారు కిటికీవైపు తిరిగిపోయారు. ఆవిడ మాత్రం, "అయితే ఆ కాగితం ఇవ్వండి, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. మా వాడికి ఆ రోజు సంతకాలు పెట్టే ఓపిక ఉండదు" అన్నారు. డాక్టరుగారితో సహా అందరం నవ్వాం. అలాంటి కాగితమేదీ ఆయన దగ్గర లేదు. ఇంటికొచ్చాక డైరీ తెమ్మని నాచేత రాయించారు. మిషను సంగతీ, మళ్ళీ ఆస్పత్రి అవసరం వస్తే ఏది చెయ్యాలి, ఏది వద్దు అనే సంగతీ. ఆవిడ బతకాలనుకుంటున్నారు సుమండీ! బ్యాటరీ అయిపోతే కొత్తది పెట్టించమనే రాయించారు. కింద వణికే చేత్తో సంతకం పెట్టారు.

ఆ రాత్రి మా అమ్మాయి, "నానమ్మా, ఏం సినిమా పెట్టను?" అంది.

"మీ ఇనపసినిమాలు చాలుగాని, మాయాబజార్ పెట్టవే" అన్నారు.

1957లో అది వచ్చినప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్ళు. ఎన్నోసార్లు చూసిన సినిమాయే నాకూ ఆ రాత్రి కొత్తగా కనిపించింది. ఇందులోనూ ఒక ఆడపిల్లకి బదులు అచ్చం ఆమెలాంటి బొమ్మ! స్టెప్‌ఫోర్డ్‌లో బొమ్మ మొగుళ్ళ పక్షాన ఉంది. ఇక్కడ మాయాశశిరేఖ అసలు శశిరేఖ పక్షాన ఉంది. ఎవరూ ఆ పిల్లని అడక్కుండా కుదిర్చిన పెళ్ళిని చెడగొట్టడానికే వచ్చింది.

ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖని మంచంతో సహా ఎత్తుకుపోతూంటే, మావారికి సందు దొరికింది. "చూశావా అమ్మా! మంచిపని గనక అడక్కుండానే చేశాడు."

"ఆ పిల్ల మనసులో ఎవరున్నారో వాళ్ళకి ముందే తెలుసురా" అన్నారు మా అత్తగారు తెరమీంచి చూపు తిప్పకుండానే. "అది ముందే చెప్పుకుంది, వీళ్ళు విన్నారు. విన్నవాళ్ళకి తొందరలో అడగక్కర్లేదు."

డైరీ నా ఒళ్ళోనే ఉంది. మావారు చెయ్యి చాపి దాన్ని అందుకుని, చదివి, ఏమీ అనకుండా బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టి వచ్చారు.

పదయింది. "ఆపెయ్యనా నానమ్మా? నిద్దరొస్తోందా?" అంది మా అమ్మాయి.

"అడిగావు గనక చెబుతున్నాను. ఆపకు. ఆ లక్ష్మణకుమారుణ్ణి పెళ్ళిపీటలమీద హడలగొట్టడం చూసిగాని పడుకోను."